గడిలో పట్టని ఎండ్రకాయలు

మా జహనుమా బస్తీ వెనక కుంటను పూడ్చి ప్లాట్లు చేయాలా వద్దా అని తేల్చడానికి ఈ రోజు పొద్దున ఒక సర్కారు గుమాస్తా మా ఇంటికొచ్చాడు. ఆ కుంటలో ఎండ్రకాయలు పట్టి అమ్మే మా అమ్మ, జలుబుతో తుమ్ముతున్న అతనికి ఎండ్రకాయల పులుసు పోసింది. రెండు గిన్నెలు తాగి, ఫారంలో ‘కుంటలో తిండి సరుకు ఏమీ లేదు’ అని రాశాడు.

“గిదేంది సార్? మీరు తాగింది ఆ కుంటలదే గదా!” అన్నాను.

“ఏం జేయాలె భాయ్? ఫారంల చేపలకే గడి ఉన్నది. ఆ కుంటల చేపల్లేవు.”

“గట్లయితే కింద చేత్తోని రాయిన్రి.”

“గడి లేనిది రాస్తే మా సాబ్ ఫారమే చింపుతడు. అమ్మా, ఇంకో గరిటె పొయ్యవా?”

అమ్మ పోసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాతో కార్ఖానాలో పనిచేసేవాళ్లారా, అదే ఫారం రేపు మీ బస్తీకీ వస్తుంది. జవాబు నేనిది రాసిన ఈ కార్ఖానా బోర్డు మీదే రాయండి: మీరైతే పోసేవారా?