జారని ముడులు

లక్డారం ఊళ్లో రేఖ ఇంటి తలుపు పొద్దంతా తెరిచే ఉంటుంది. ఎండాకాలపు దుమ్ము లోపలికి కొట్టినా మూయదు. స్నానాల గదికి గడియ పెట్టుకోదు, పరదా ఒక్కటే. కొత్తగా వచ్చిన ఇరుగుపొరుగు ఇదేం అలవాటు అనుకుంటారు. పాతవాళ్లకు కారణం తెలుసు.

రెండేళ్ల కిందట పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ఆమె ప్యాకింగ్ పని చేసేది. ఒకరోజు పొద్దున పక్క గదిలో రసాయనాల డ్రమ్ము అంటుకుంది. బయటికి పోయే ఇనుప తలుపు బిగుసుకుపోయింది. రేఖ ఆ కాలుతున్న గడియను ఎడమచేత్తో పట్టుకుని గుంజింది. అది వచ్చాక కూడా, తలుపు మళ్లీ మూసుకోకుండా, చెయ్యి వదల్లేదు. ఆమె వెనకున్న పదకొండు మంది ఆ తలుపులోంచే బయటపడ్డారు. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండేళ్లు.

ఊళ్లో శాలువా కప్పారు, ఫొటో తీశారు, ధైర్యమంటే రేఖదే అన్నారు. ఆమె మాత్రం ఆ రోజు నుంచి అన్నిటికీ భయపడడం మొదలుపెట్టింది. కుక్కర్ కూత పెడితే వీధిలోకి ఉరికేది. సిలిండర్ పైపుకు పొద్దున, సాయంత్రం సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూసేది. భర్త చంద్రకాంత్ మరో కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. అతను టిఫిన్ డబ్బా పట్టుకుని బండెక్కుతుంటే ఆమె గుమ్మంలో నిలబడేది. బండి మలుపు తిరిగేదాకా లోపలికి వచ్చేది కాదు.

కాలిన చెయ్యి మానింది. కానీ చర్మం ముడుచుకుపోయి మూడు వేళ్లు గుప్పిటలోకి వంగిపోయాయి. "వేళ్లు ఆడించకపోతే ఇంకా బిగుసుకుంటయమ్మా. అప్పుడు ఆపరేషన్ చెయ్యాల్సొస్తది" అన్నాడు సంగారెడ్డి డాక్టరు. ఆపరేషన్ అంటే మూసిన గది, మొహం మీద మాస్కు. ఆ రోజు బస్సులో ఇంటికి వచ్చేదాకా ఆమె కిటికీ తెరిచి పట్టుకునే కూర్చుంది.

రెండిళ్ల అవతల సోమమ్మ ఉంటుంది. ఒక మిషన్ దవాఖానాలో ముప్ఫై ఏళ్లు ఆయాగా చేసి వచ్చింది. అక్కడ ఒక కేరళ నర్సమ్మ దగ్గర షటిల్‌తో లేసు అల్లడం నేర్చుకుంది. ఆ షటిల్ బొటనవేలంత ప్లాస్టిక్ పడవలా ఉంటుంది, దాని కడుపులో దారం చుట్టుకోవాలి. దారాన్ని ఎడమచేతి వేళ్లకు ఉచ్చులా వేసుకుని, కుడిచేత్తో షటిల్‌ను దాని కింద నుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి పోనిస్తే ఒక ముడి. అలాంటివి పది పన్నెండు పడ్డాక షటిల్ దారాన్ని లాగితే ఉచ్చు దగ్గరికొచ్చి చిన్న ఉంగరమవుతుంది.

"వేళ్లాడాలె అన్నడు గద డాక్టరు. నా దగ్గరికి రా, ఆడిపిస్త" అంది సోమమ్మ.

మొదటి వారమంతా రేఖకు ఒక్క ఉంగరం కూడా రాలేదు. ముడులు వేసేది, లాగేది, ఉచ్చు కదిలేది కాదు. ఇంకా గట్టిగా లాగితే దారం టక్కున తెగేది. ఆ చప్పుడుకే ఉలిక్కిపడేది. అయిదో రోజున షటిల్ మంచం మీద పడేసింది.

"నా చెయ్యి పాడైపోయిందవ్వా. ఇగ రాదు."

సోమమ్మ తెగిన ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. లోపలికి పోయి ఎర్ర దారం ఉండ తెచ్చింది. షటిల్‌లోని తెల్లదారం కొసకు దాన్ని ముడేసి, ఎరుపును రేఖ ఎడమచేతికి చుట్టింది.

"ఇప్పుడెయ్యి."

రేఖ వేసింది. ముడి తెల్లగా పడింది.

"సూడు. షటిల్ దారం పోయి చేతి దారాన్ని కట్టేసింది. అది ఉల్టా. చేతి దారం ముడి కావాలె, షటిల్ దారం దాంట్ల నుంచి సీదా జారాలె. ముడి ఎర్రగ కనబడాలె బిడ్డా. షటిల్ గుంజేటప్పుడు ఎడమచేతి వేళ్లు జెర వదులు చెయ్యి. ముడి తనంతట తనే అటు దుంకుతది. అప్పుడు మళ్ల వేలు లేపి బిగియ్యి."

చెప్పినంత సులువుగా లేదు. షటిల్ లాగే క్షణానికి రేఖ ఎడమచెయ్యి ఇంకా బిగుసుకునేది. ముడి తెల్లగా, మళ్లీ తెల్లగా, మళ్లీ తెల్లగా పడేది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇడువు బిడ్డా, ఇడువు."

"ఇడిస్తే మూసుకుంటదవ్వా!"

"ఏంది మూసుకునేది?"

"తలుపు" అంది రేఖ. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. రెండేళ్లుగా చంద్రకాంత్‌కు కూడా చెప్పని మాట అది.

సోమమ్మ ఓదార్చలేదు. ఆమె ఎడమచేతి కింద తన అరచెయ్యి పెట్టింది. "నేను పట్టుకున్న. నువ్వు ఇడువు."

ఆ మధ్యాహ్నం మూడు ముడులు ఎర్రగా పడ్డాయి. మూడే.

ఆ తరువాత తప్పులు ఒక్కొక్కటిగా తెలిసొచ్చాయి. దారం మెలికలు పడి చుట్టుకుపోతుంటే షటిల్‌ను గాలిలో వేలాడదీయాలి, అదే గిర్రున తిరిగి మెలిక విప్పుకుంటుంది. ముడికీ ముడికీ నడుమ అందం కోసం కన్నుల్లా వదిలే చిన్న ఉచ్చులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అవుతుంటే అట్టముక్క కొలత పెట్టుకోవాలి. ఇక సగం ముడి వేసి రెండో సగం మరిచిపోతే వరుస మొత్తం మెలితిరుగుతుంది. అప్పుడు సూదితో వెనక్కి విప్పుకుంటూ పోవడమే. నెల తిరిగేసరికి ఆమెకు ఉంగరాలు మూసుకోవడం మొదలైంది.

అలాంటి రోజుల్లోనే ఒక గురువారం మధ్యాహ్నం ఊరవతల కంపెనీ సైరన్ మోగింది.

ఇద్దరూ సోమమ్మ అరుగు మీద ఉన్నారు. సైరన్ ఆగలేదు. గాలిలో ముక్కు మండే ఘాటు వచ్చింది. "చంద్రకాంత్ వాళ్ల కంపెనీ దిక్కే" అని అరుచుకుంటూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆటో ఎక్కారు. రేఖ చంద్రకాంత్‌కు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కింది.

ఊరు దాటి కల్వర్టు దాకా పరుగెత్తింది. అక్కడ ఘాటు ఎక్కువైంది, కాళ్లు ఆగిపోయాయి. అడుగు వెయ్యాలనుకుంటుంది, పడదు. ఎదురుగా కంపెనీ గోడ కనబడుతూనే ఉంది. ఆమెను దాటుకుని జనం పోతున్నారు. "రా అక్కా" అని ఒకామె చెయ్యి పట్టి లాగితే విదిలించుకుంది. చివరికి కల్వర్టు గట్టు మీద కూలబడింది. వాంతి అయింది.

మోకాళ్ల నొప్పులతో ఈడ్చుకుంటూ సోమమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏం కాదు" అనలేదు. రేఖ కొంగు పట్టుకుని కూర్చుంది, అంతే. ఒక అంబులెన్సు పోయింది. తరువాత ఇంకొకటి. ఒక్కోటి పోయినప్పుడల్లా రేఖ పదకొండు దాకా అంకెలు లెక్కపెట్టింది, ఎందుకో ఆమెకే తెలియదు.

ఎండ వాలుతుండగా చంద్రకాంత్ నడిచి వచ్చాడు. మెడలో తడిగుడ్డ, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వేరే బ్లాకుల అమ్మోనియా లీకైంది. ఇద్దరిని దవాఖానాకు తీస్కపోయిండ్రు, పానానికి ఏం లేదంట. ఫోన్లు లోపలనే ఉండిపోయినయి."

రేఖ అతని చేతులు, మొహం, మెడ తడిమి చూసింది. అప్పుడు తలవంచుకుని చెప్పింది. "నేను గేటు దాక రాలే. అందరి ఆడోళ్లు వచ్చిండ్రు. నేను ఈడనే ఆగిపోయిన."

"మంచిగ చేసినవ్. గాలి ఇటే కొడుతుండె."

"గాలి గురించి కాదు. నాకు భయమైంది. నువ్వు లోపలున్నా గూడ రాలేకపోయిన."

చంద్రకాంత్ మెడలోని తడిగుడ్డ తీసి పిండాడు. ఆ తరువాత ఆమె పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. "నాకు రోజూ భయమే రేఖా. బాయిలర్ ముందట నిలవడ్డప్పుడల్లా. నీకు చెప్తే ఇంకా పరేషాన్ అయితవని చెప్పలే."

పెళ్లయిన పన్నెండేళ్లలో అతని నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆమెకు ఊరట కలగలేదు. ఇన్నాళ్లూ తనొక్కదానిదే అనుకున్న భయం ఇంట్లో ఇంకొకరికీ ఉందని తెలిసి ఇంకా భయమేసింది. అయినా తలుపు సంగతి ఆ రాత్రి అతనికి చెప్పగలిగింది.

ఆ తరువాత పది రోజులు ఆమె చేతిలో ముడులన్నీ మళ్లీ తప్పుగానే పడ్డాయి. సోమమ్మ మందలించలేదు. ప్రతిసారీ కత్తిరించి కొత్త దారం ఇచ్చింది.

చంద్రకాంత్ పని మానలేదు. మానితే ఎక్కడికి పోతాడు? కానీ భోజనం వేళ, ఒంటిగంటకు, మిస్డ్ కాల్ ఇస్తానని ఒప్పుకున్నాడు. మొన్న సంగారెడ్డి డాక్టరు వేళ్లు చాపించి చూసి, ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. ఈ నెలలోనే రేఖ ఒక చేతిరుమాలు చుట్టూ లేసు పూర్తి చేసింది. ఒక మూల ఉంగరాలు రెండు సరిగ్గా మూసుకోలేదు, అలాగే ఉంచింది.

ఒంటిగంటకు ఫోన్ మోగితే ఆమె పని ఆపకుండానే ఒకసారి తలెత్తి చూస్తుంది. పది నిమిషాలు ఆలస్యమైతే షటిల్ పక్కన పెట్టి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. అది మోగేదాకా మంచినీళ్లు కూడా తాగదు.