గేర్ నాబ్ మీది గీతలు

తణికాచలాన్ని మా వీధివాళ్లు దేవుడంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కూతురి తప్పు నెత్తిన వేసుకుని ఆరు నెలలు జైల్లో ఉండి వచ్చిన తండ్రి అని చెప్పుకుంటారు. నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే, అతనూ నేనూ. తెలియాల్సిన మనిషికి మాత్రం తెలియదు.

తమిళనాడు తిరువళ్లూరులో తిరుత్తణి రోడ్డు మీద అతని షెడ్డు. ఎదురుగా నా స్పేర్ పార్ట్స్ అంగడి. మేం శెట్లం, తరాలుగా వ్యాపారం. అతనిది పక్క ఊరు పాండూరు, వరి పండించే తెలుగు కుటుంబం. పదహారో ఏట లారీల షెడ్డులో చేరి, గేర్‌బాక్స్ తప్ప ఇంకేదీ ముట్టను అనేంత తిక్క మనిషయ్యాడు. ఇంజను బాగు చేయమని వస్తే ముఖం మీదే పొమ్మనేవాడు. గేర్‌బాక్స్ విప్పితే మాత్రం ఒక్కో పన్నూ వేలితో తడిమి, ఆ బండి నడిపేవాడు ఎలాంటివాడో చెప్పేవాడు. చాలాసార్లు తిట్టి మరీ చెప్పేవాడు.

అతనికి తోడు దేవా, భార్య రుక్మిణమ్మ తమ్ముడు. ఇరవై ఏళ్లు కలిసి పని చేశారు. తణికాచలం నోటికి జడిసి వెళ్లిపోబోయే గిరాకీలను నవ్వించి కూర్చోబెట్టేది దేవానే. ఒక్కగానొక్క కూతురు తనుశ్రీని చిన్నప్పుడు భుజాల మీద మోసింది కూడా ఈ మేనమామే. ఆ పిల్ల ఆటోమొబైల్ డిప్లొమా చదువుతూ, షెడ్డులోకి వచ్చిన ప్రతి కారూ నడిపేది. పొద్దున్నే కార్లన్నీ రోడ్డు వారకు తీసిపెట్టడం ఆమె పని. ఆ తరువాతే రుక్మిణమ్మ ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేసేది. షెడ్డు తన తరువాత కూతురిదేనని తణికాచలం నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు.

రెండేళ్ల కిందట శశికుమార్ అనే రేసు పిచ్చివాడు తన కారు తెచ్చాడు. డిక్కీలో ఇంకో గేర్‌బాక్స్ ఉంది, రేసుల కోసం చేసింది. ఏది మంచిదో తేల్చమన్నాడు. కాగితాల మీద తేలదు, రెండూ బిగించి ఒకే రోడ్డులో ఒకే మనిషి నడపాలి అన్నాడు తణికాచలం. అలాగే చేశాడు. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి, అక్కడి నుంచి కొండ మీదికి. వచ్చి సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు. పాత బాక్సుతో కొండ మలుపులో సెకండ్ నుంచి థర్డ్‌కు వేస్తే ఇంజను చతికిలబడుతుంది. రేసు బాక్సుతో ఊపు తగ్గదు, కానీ హైవే మీద దాని రొదకు చెవులు దిమ్మెక్కుతాయి. ఒక్కసారితో నమ్మడు కాబట్టి దాన్ని తీసి దీన్ని, దీన్ని తీసి దాన్ని బిగిస్తూ వారం గడిపాడు.

రెండింటికీ ఇంకో తేడా కూడా ఉంది. పాతదానిలో ఎడమవైపు పైకి తోస్తే ఫస్ట్ గేరు. రేసు బాక్సులో అక్కడ ఉండేది రివర్స్, ఫస్ట్ కిందికి ఉంటుంది. అందుకే గేరు కడ్డీ కొసన చేత్తో పట్టుకునే నాబ్ దేనిది దానికి వేరే ఉంది, ఏ గేరు ఎటో గీతలు చెక్కి. బాక్స్ మార్చినప్పుడల్లా నాబ్ కూడా మార్చేవాడు.

ఒక గురువారం సాయంత్రం రేసు బాక్స్ బిగించాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ తీసేసేదే కదా అని పాత నాబ్‌ను అలాగే వదిలేశాడు. కూతురికి చెప్పనూ లేదు.

శుక్రవారం పొద్దున తనుశ్రీ కారెక్కింది. కారు ముఖం రోడ్డు వైపు, వెనకాల గోడ. గోడ దగ్గర జాకీ తీసుకోవడానికి దేవా వంగి ఉన్నాడు. నాబ్ చూసి, ఫస్ట్ గేరనుకుని ఎడమవైపు పైకి తోసింది. ఆ కారుకు యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కకపోతే ఇంజను ఆగిపోతుంది, అది ఆమెకు తెలుసు. తొక్కింది. కారు వెనక్కి దూకింది.

నేను షట్టర్ ఎత్తుతున్నాను. రోడ్డు దాటి వెళ్లేసరికి దేవాను గోడకూ కారుకూ మధ్య నుంచి బయటికి లాగుతున్నారు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. తమ్ముడి చొక్కా పట్టుకుని రుక్మిణమ్మ అరిచిన అరుపు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

దేవాను ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో వెనక అందరూ పరిగెత్తినప్పుడు తణికాచలం షెడ్డులోనే ఉండిపోయాడు. తరువాత పోలీసులు వస్తే, కారు తీసింది తానేనన్నాడు. కూతుర్ని కాపాడటానికి అలా అన్నాడని చూసినవాళ్లందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. కోర్టులో కూడా తప్పు ఒప్పుకుని జైలుకు వెళ్లాడు.

తనుశ్రీ చదువు మానేసింది. బట్టల అంగట్లో చీరలు మడతపెట్టే పనికి వెళుతోంది. రెండు కిలోమీటర్లూ నడిచే వెళుతుంది, బస్సెక్కదు. నా అంగడి ముందు నుంచి వెళుతుంటే చూడలేక నేను ముఖం తిప్పుకుంటాను.

జైలు నుంచి వచ్చిన వారానికి తణికాచలం నా అంగట్లో కూర్చుని అసలు సంగతి చెప్పాడు. అందరూ వెళ్లాక కారులో పాత నాబే ఉండటం చూశాడట, తప్పు ఎక్కడ జరిగిందో అర్థమైందట. రేసు బాక్సు నాబ్ బల్ల మీదే ఉంది. పోలీసులు రాకముందే తీసి బిగించేశాడు. "భయం శెట్టీ. నా పేరు పోతుందని భయం. పిల్లను తలుచుకోనే లేదు ఆ నిమిషాన," అన్నాడు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నాకు చెప్పి ఏం లాభం, దానికి చెప్పు అని అప్పటికప్పుడే లేవదీసి ఇంటికి తీసుకుపోయాను.

తనుశ్రీ అప్పుడే పనినుంచి వచ్చింది. అతను కూర్చోకుండానే చెప్పాడు.

"అమ్మా, ఆ పొద్దు తప్పు నీది గాదు. రేసు బాక్సుకు పాత నాబే ఉంచేసినాను. బద్ధకం. నీకు చెప్పను గూడా లేదు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "పోలీసులు ఫోటో తీసేటప్పుడు నేను పక్కనే ఉండినాను నాయనా. నాబ్ చూసినాను. గీతలు సరిగ్గానే ఉండె. నేనే చూడకుండా తోసినాను."

"వాళ్లు వచ్చేలోగా నేనే మార్చినాను, అమ్మా."

నేను అవునమ్మా, నిజమే అన్నాను. ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఉన్నది జాలి. ఇద్దరం మాట్లాడుకుని వచ్చామనుకుంది.

"వేండాం, వద్దు నాయనా," అంది. "నాకోసరం జైలుకు పోయొచ్చింది చాలు. ఇంకా అబద్ధాలు చెప్పొద్దు."

తణికాచలం ఒట్టు వేశాడు, ఏడ్చాడు, దేవా పేరెత్తి చెప్పాడు. చెప్పేకొద్దీ ఆమె అతని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని ఊరడించింది. కాసేపటికి లేచి, కంచం కడిగి తెచ్చి అన్నం పెట్టింది.