జవాబు ఆలస్యమైతే

నైట్ డ్యూటీ దిగి సిరిసిల్లలో ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా కోరుట్ల నుంచి ఫోను. "అక్కా, అమ్మ పోయింది. పగటీలి జోహర్ నమాజు కాంగనే మట్టి. జల్ది రా" అన్నాడు ఖాలా కొడుకు. ఖాలా అంటే పిన్ని; నిజానికి కోరుట్లలో ఉన్నప్పుడు ఆమె మా పక్కింటావిడ. పెళ్లయిన కొత్తలో నాకు అన్నం వార్చడం నుంచి పిల్లకు నీళ్లు పొయ్యడం దాకా నేర్పిన మనిషి. చివరిచూపైనా దక్కాలని కట్టుబట్టలతోనే కారు తీశాను. నా బిడ్డ వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

ఖాలా బట్టలు కుట్టేది. లైనింగు గుడ్డ కోసం జగిత్యాల పోయినప్పుడల్లా డ్రైవరు పక్కనే కూర్చునేది. ఆ సీటు కోసం మగవాళ్లతో కొట్లాడేది కూడా. ఆ రోజుల్లో ఆ దారిన జీపుల్లో తిరిగినవాళ్లు మీలో ఉంటే ఆమెను చూసే ఉంటారు. ధర్మపురి రోడ్డు మీద ఒక డ్రైవరు తీసిన కునుక్కి ఆమె సొంత తమ్ముడు పోయాడు.

అప్పట్లో ఒకసారి, తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు బంద్. జీపులవాళ్లు తిండీ నిద్రా లేకుండా తిప్పుతున్నారు. నా చంటిపిల్లకు జ్వరం, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. జగిత్యాల దవాఖానకు బయలుదేరితే ఖాలా తోడొచ్చింది. దారి పొడుగునా "జై" అని ఆమె, "తెలంగాణ" అని డ్రైవరు. ఈ ముసలమ్మకు ఇంత ఉద్యమం పిచ్చేమిటని జీపులో అందరూ నవ్వారు. మేడిపల్లి దాటాక మళ్లీ "జై" అంది. జవాబు లేదు. ఇంకోసారి అంటే ఎప్పటికో నిద్రలో గొణిగినట్టు "తెలంగాణ" వచ్చింది.

"ఆపు కొడుకా. చాబీ ఇటియ్యి."

"ఏం గాలేదు ఖాలా, మొఖం కడుక్కుంట."

"నీళ్లు సల్లుకుంటె మొఖం లేస్తది, మనిషి లేవడు. జరసేపు పండుకో."

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్ల గిట్ల కాలిపోతుంటె ఆయనను పండవెడ్తవా? నీ పిల్లయితే గిట్లనే చేస్తువా?" అని అందరి ముందూ అరిచాను.

ఆమె పిల్లను తన ఒళ్లోకి తీసుకుని, తడి కొంగుతో తుడుస్తూ, "తిట్టు బిడ్డా. దవాఖాన చేరినంక ఇంకా తిట్టు" అంది. అతను కునుకు తీసి లేచేదాకా తాళంచెవి ఇవ్వలేదు. జగిత్యాల చేరాం. పిల్ల దక్కింది.

ఆ ముచ్చట నా నోట వింటూ పెరిగిన ఆ పిల్లే ఇప్పుడు నా పక్కన ఉంది. వేములవాడ దాటాక నా కళ్లు మండుతున్నాయి. కొంత ఏడుపు, కొంత రాత్రంతా లేని నిద్ర. మధ్యలో ఒక ఊరు ఎప్పుడు దాటామో గుర్తు లేదు.

"జై" అంది నా బిడ్డ.

నేను నోరు తెరిచేలోపే ఎదురుగా లారీ హారన్ మోగింది. స్టీరింగు తిప్పాను.

"ఆపు మమ్మీ."

"చివరిచూపు పోతదే..."

"ఆపు."

తర్వాతి ఊళ్లో రోడ్డు పక్కన ఆపాను. తాళంచెవి తీసేసుకుంది. సీటు వెనక్కి వాల్చింది కూడా తనే.

కళ్లు తెరిచేసరికి అవతలి పక్క మసీదులో జోహర్ ముగించుకుని జనం చెప్పులు తొడుక్కుంటున్నారు. కోరుట్లలో ఖాలాను ఎత్తేసి ఉంటారు. ఆమె ముఖం ఇక చూడలేను. వెక్కి వెక్కి ఏడ్చాను. కాసేపటికి చెయ్యి చాపితే నా బిడ్డ తాళంచెవి ఇవ్వలేదు.

"జై" అంది.

"తెలంగాణ" అన్నాను వెంటనే.

అప్పుడు పిడికిలి విప్పింది. తాళంచెవి చెమటతో తడిసి ఉంది.