చుట్లెద్దుకు ఇల్లు వెతికిన రోజులు

ఊరికే ఇస్తామంటే ఎవరూ ఏదీ తీసుకోని రోజులవి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, అప్పట్లో ఆదోనిలో మేము ఎద్దుల్నీ ఆవుల్నీ దమ్మిడీ అడగకుండా ఇచ్చేవాళ్లం. వచ్చినవాళ్లు ముందు ఎద్దు చుట్టూ తిరిగేవాళ్లు, తర్వాత మా ముఖాలు చూసేవాళ్లు. "యాడో ఏదో ఉంది, లేకుంటే సుమ్నే ఎందుకిస్తారు?" అని గొణుక్కుంటూ వెళ్లిపోయేవాళ్లు. వాళ్లను తప్పు పట్టలేను. చాలాసార్లు ఏదో ఒకటి ఉండేది.

పత్తి జిన్నింగు మిల్లుల వెనక, రైలు కట్టకు ఇవతల, పత్తి సేట్లంతా కలిసి నడిపే గోశాల ఉండేది. పని చేయలేవని వదిలేసిన ఎద్దులు, వట్టిపోయిన ఆవులు, లారీ తగిలి కాలు విరిగినవి, అన్నీ అక్కడికే చేరేవి. మా చిన్నమ్మ అక్కడ పేడ ఎత్తేది. ఆమె వెంట నేనూ చేరాను. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి నాకు. (నేను ఎప్పుడు పుట్టానని అడిగితే మా అమ్మ "కరువు వచ్చిన యేడు" అనేది. మా సీమలో దాన్ని బట్టి ఏ సంవత్సరమో తేల్చడం ఎవరి వల్లా కాదు.) గోశాల పెత్తనమంతా ఒక సేటుది. ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉండేది కాబట్టి మేం ఆయన్ను గొడుగు సేటు అనేవాళ్లం. ఆ గొడుగు ఆయన తల మీద ఉండగా నేను ఎక్కువసార్లు చూడలేదు. ఎప్పుడూ ఏ జబ్బు దూడ మీదో పట్టుకుని నిలబడేవాడు. మేం ఎండలో పేడ ఎత్తుతుంటే మాత్రం మా మీదికి ఒక్కసారీ రాలేదది. దూడకున్న అదృష్టం మాకు లేదనుకుని ఊరుకున్నాం.

వచ్చిన పశువుకు ముందు గిట్టలు చూసేవాళ్లు. కాడి పుండ్లుంటే వేపనూనె, పసుపు పట్టించేవాళ్లు. కడుపు నిండా మేత పడి, ఎముకలు లోపలికి పోయాక ఇల్లు వెతికేవాళ్లం. ఇల్లు వెతకడమంటే ఆడపిల్లకు సంబంధం చూసినట్టే. "నీళ్లు యాడ తాపుతావు? నీడ ఉందా? ఇంట్లో తాగి కొట్టేవాళ్లున్నారా?" అని మా చిన్నమ్మ అడిగే తీరుకు రైతులు బెదిరిపోయేవాళ్లు. ఒకాయన, "నాకు బిడ్డనిచ్చినోళ్లు గూడా ఇన్ని అడగలేదమ్మా" అన్నాడు. "అడిగింటే ఇచ్చేవాళ్లు కాదేమోలేప్పా" అంది చిన్నమ్మ. అన్నీ కుదిరాక మంత్రాలయం దిక్కు తిరిగి, సంతకు తోలననీ, కోతకు ఇయ్యననీ, సాకలేకపోతే మళ్లీ ఇక్కడికే తెచ్చి అప్పజెబుతాననీ రాఘవేంద్రస్వామి మీద ఒట్టు పెట్టాలి.

ఒట్టుతో వదిలిపెట్టేవాళ్లం కాదు. పశువు ఎట్లా ఉందో చూసి రావడానికి ఒక మనిషి వెళ్లేది. ఆ మనిషిని నేనే. మా సొంతూరు ఎమ్మిగనూరు దారిలో ఉంది, నేను ఎట్లాగూ పోతూ వస్తూ ఉంటాను, సేటుకు వేరే మనిషిని పంపే పని తప్పింది. ఊళ్లవాళ్లు నన్ను ఇనస్పెక్టరమ్మ అనేవాళ్లు. వెక్కిరింపని నాకు చాలా రోజులు తెలియలేదు. తెలిశాక కూడా బాగానే ఉందనిపించింది. అప్పటికి నాకు చదువు రాదు, అక్షరాలు వచ్చింది యాభై దాటాకే, కాబట్టి నేను చూసొచ్చింది నోటితోనే చెప్పేదాన్ని. మజ్జిగ ఇచ్చిన ఇంటివాళ్లు మంచివాళ్లని చెప్పేదాన్ని. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టినవాళ్లు ధర్మాత్ములని చెప్పేదాన్ని. సేటు గొడుగు ఊపుతూ నమ్మేవాడు.

ఇట్లా ఉండగా మా దగ్గరికి ఒక గానుగెద్దు వచ్చింది. దాని యజమాని కరెంటు గానుగ పెట్టించుకుని దీన్ని తెచ్చి వదిలిపోయాడు. పెద్ద ఎద్దు, సాధువు. పుండు లేదు, కుంటు లేదు, పొడవదు, తన్నదు. దూడప్పుడు ఏమైనా నేర్చిందో లేదో గానీ, గానుగలో పడ్డాక ఎడమకు తిరగడం తప్ప ఇంకేదీ చేయలేదు. ముందర గడ్డి వేస్తే గడ్డి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి తినేది. తొట్టి దగ్గరికి తీసుకుపోతే తొట్టి చుట్టూ తిరిగి తాగేది. చిన్నమ్మ దానికి చుట్లెద్దు అని పేరు పెట్టింది. నాకు అదంటే ప్రాణం. ఆ గోశాలలో నేను చెప్పేది మధ్యలో పోకుండా విన్నది అదొక్కటే. (మధ్యలో పోయినా, తిరిగి నా దగ్గరికే వచ్చేది.)

మొదట దాన్ని పత్తి మార్కెట్టు యార్డులో బండి తోలే అతను తీసుకుపోయాడు. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చాడు. "బోరాలు దించాల్సిన సోటికి వస్తాది సిన్నమ్మా, వచ్చి ఆగదు, దాటిపోతాది. మల్లా ఆడికే వస్తాది. జనం గుంపు కూడినారు. కాటా కాడ సర్కసు పెట్టినానంట" అన్నాడు, ఏడుపు ముఖంతో. తర్వాత జొన్నగిరి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. అది వాన పడితే నేల మీద ఏ వజ్రం మెరుస్తుందా అని అందరూ తల వంచుకుని తిరిగే ప్రాంతం. ఊరికే దొరికేదాన్ని అనుమానించని మనిషి మాకు ఆయనొక్కడే కనపడ్డాడు. బావిలో నీళ్లు తోడే కపిలె లాగించాలని తీసుకుపోయాడు. కపిలె ఎద్దు ముందుకు పోవాలి, వెనక్కి రావాలి, అంతే. వారం తిరక్కుండానే ఆయనా తెచ్చి అప్పజెప్పాడు. "బాయి సుట్టూ బాగా తిరుగుతాదప్పా. నీళ్లే రావు" అన్నాడు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. గడ్డి దొరకలేదు. సేట్లంతా కూడి ఒక నిర్ణయం చేశారు. గొడుగు సేటు వచ్చి మాకు చెప్పాడు, చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాడు. "ఇంకొక్కసారి ఇస్తాం బేటీ. అది మల్లా వాపస్ వస్తే నిలుపుకోలేం. ఎమ్మిగనూరు సంతకు తోలేయాల." ముసలి గానుగెద్దును సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో అందరికీ తెలుసు. సంతకు తోలనని రైతుల చేత ఒట్టు పెట్టించే మనం సంతకు తోలడమేందని చిన్నమ్మ అడిగింది. సేటు గొడుగు మూసి, మళ్లీ తెరిచి, వెళ్లిపోయాడు.

నేను మా ఊళ్లో ఉన్న మేనమామ దగ్గరికి పోయాను. ఆయన జతలో ఒక ఎద్దు చచ్చిపోయి ఒకటే మిగిలింది. కొనే శక్తి లేదు. అదును తప్పితే జొన్న విత్తనం పడదు.

"మామా, ఎద్దుంది. ఊరికే ఇస్తారు."

"దానికేం రోగం?"

"రోగం లేదు. ఎడమకు తిరుగుతాది."

"తిరగని ఎద్దు యాడన్నా ఉంటాదామ్మే?"

"ఇది తిరుగుతానే ఉంటాది మామా."

"నేను నిలబెట్టుకుంటాలే పో. మీ అత్తనే నిలబెట్టినా."

లోపల రొట్టెలు తడుతున్న అత్త, "ఎప్పుడు నిలబెట్టినావో సెప్పు, నేనూ తెలుసుకుంటా" అంది.

మామ ఆదోనికి వచ్చి ఒట్టు పెట్టాడు. ఎద్దును నడిపించుకుంటూ బయలుదేరాం. రోడ్డు మీద అది నేరుగా నడవాలంటే ఒకటే ఉపాయం. ఎడమ పక్క ఒక మనిషి ఆనుకుని, కుడి వైపుకు తోస్తూ నడవాలి. ఆదోని నుంచి మా ఊరి దాకా ఆ మనిషిని నేనే. దారిలో బస్సు పోతుంటే జనం కిటికీల్లోంచి తలలు బయట పెట్టి చూశారు. చూస్తే చూడనీలే, ఇనస్పెక్టరుకు ఇవన్నీ ఉంటాయనుకున్నాను.

వాన పడింది. మామ రెండెద్దుల్ని కట్టి గుంటక తోలాడు. కొంత దూరం బాగానే పోయింది. మామ నా వైపు తిరిగి మీసం కూడా దువ్వాడు. ఆ తర్వాత గుంటక మెల్లగా ఎడమకు వంగింది, గట్టెక్కింది, గట్టు దిగింది, పక్క చేనులో చక్కగా ఒక చుట్టు తిరిగి మళ్లీ మామ చేనులోకి వచ్చింది. ఇంకెవరి చేనులోకి పోయినా బాగుండేది. అది గట్టు తాతది. ఆయన నడుముకు మొలతాడు ఉందో లేదో తెలియదు గానీ కొలతాడు మాత్రం ఉండేది. ప్రతి ఏడూ గట్టు కొలిచి, గట్టు జరిగిందని ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకోకపోతే ఆయనకు పంట పండినట్టు ఉండేది కాదు.

"ఏం రా, నా సేను దున్నుతాండావు?"

"నేను కాదు తాతా, ఎద్దు."

"ఎద్దు పేరు మీద పట్టా ఉందా?"

"సుమ్నే దున్నిపెడితిమి గదా, సంతోషపడు."

"సంతోషం పంచాయితీలో పడతాలే" అని తాత తాడు విప్పాడు. ఎద్దు తిరిగిన చుట్టు పొడవు కొలవడం మొదలుపెట్టాడు. గుండ్రంగా ఉన్నదాన్ని తాడుతో కొలవడం అంత సులువు కాదు. కొలిచిన కొద్దీ ఆయనకు కోపం ఎక్కువైంది.

సాయంత్రం మామ ఒకటే మాట అన్నాడు. "రేపు ఆదోనికి తోలుకపోతాండా."

"తోలుకపోతే సంతకు పంపిస్తారు మామా."

"నేనేం సేసేది పాపా? నాకు అదును పోతాంది."

ఆయన గట్టిగా కోప్పడి ఉంటే నేనూ కోప్పడేదాన్ని. అట్లా మెల్లగా అనేసరికి పోయి ఎద్దు పక్కన కూర్చున్నాను. అత్త నా ముందర రొట్టె పెట్టింది. ధర్మాత్ముల రొట్టె ఎద్దుకు పెట్టేశాను.

తెల్లారి, పోయే ముందు నీళ్లు తాపమంటే, ఎద్దును పట్టుకుని వాగు వైపు పోయాను. దారిలో గట్టు తాత కల్లం ఉంది. నిరుడు దాచిన కొర్ర కంకులు పరిచి ఎద్దుల చేత తొక్కిస్తున్నాడు. నడుమ గుంజ నాటి, ఎద్దుల్ని వరుసగా ఒక తాడుకు కట్టి తిప్పుతారు. ఆ వరుసలో గుంజ పక్కనుండే ఎద్దుదే అసలు పని. బయటి ఎద్దు ఊరంత తిరుగుతుంది, లోపలిది ఉన్నచోటే తిరగాలి. కుర్ర ఎద్దులు అక్కడ నిలవవు. తాత లోపల కట్టింది కుర్రదాన్నే. అది నేరుగా బయటికి లాగుతోంది, వరుసంతా చిక్కుపడుతోంది, తాత వాటి తాతముత్తాతల్ని తిడుతున్నాడు.

చుట్లెద్దు ఆగింది. అది దానంతటది ఆగడం నేను చూడటం అదే మొదలు. తర్వాత నా చేతిలోంచి పగ్గం లాక్కుని నేరుగా (ఇది కూడా అదే మొదలు) కల్లంలోకి పోయి, గుంజ పక్కన నిలబడి, ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. అవతల ఎద్దులు కుడికి వస్తున్నాయి. అన్నీ ఎదురెదురుగా నిలిచిపోయాయి. 

"మల్లా వచ్చె రా ఇది!" అని తాత ముల్లుగర్ర ఎత్తాడు. ఎత్తిన చేయి అట్లాగే ఉంది. ఆయన పొలం మనిషి, ఎద్దు కాళ్లు చూశాడు. గుంజను రాసుకుంటూ, కొలిచి పెట్టినట్టు అడుగులు పడుతున్నాయి. కాసేపు చూసి, ముల్లుగర్ర దించి, తన ఎద్దులన్నిటినీ విప్పి, అటు తిప్పి కట్టాడు. ఒక్క గానుగెద్దు కోసం వరుసంతా వెనక్కి తిరిగింది.

"ఎడమ సుట్లు గింజకు మంచివి కావు" అంది తాత భార్య.

అప్పటికే పరిగెత్తుకొచ్చిన మా అత్త, "కొర్రగింజకు కుడీ ఎడమా యాడ తెలుస్తాది పెద్దమ్మా? కాలు పడితే రాలుతాది" అంది. రాలింది.

మామ కర్ర పట్టుకుని వచ్చేసరికి కల్లం సగం అయిపోయింది. "పా, ఆదోనికి" అన్నాడు ఎద్దుతో.

"యాడికి?" అన్నాడు తాత.

"నువ్వే గదా పంచాయితీ అంటివి."

"అది నిన్న. దీన్ని నాకియ్యి."

అప్పటిదాకా వదిలించుకోవాలని చూసిన మామకు ఉన్నట్టుండి ఎద్దు మీద ప్రేమ పుట్టింది. "ఎట్ల ఇస్తా? స్వామి మీద ఒట్టు పెట్టి తెచ్చుకున్నా. నా ఎద్దు" అన్నాడు. మళ్లీ తగువు. నిన్న వద్దని కొట్లాడుకున్నవాళ్లు ఈ రోజు కావాలని కొట్లాడుకున్నారు. నేను మధ్యలోకి పోయి, గోశాల పశువు ఎవరి దగ్గర ఎట్లా ఉండాలో నేను చెబితేనే సేటు ఒప్పుకుంటాడని అరిచాను. అది సగమే నిజం. కానీ ఇద్దరూ ఊరుకున్నారు. నా జీవితంలో మగవాళ్లు నా మాటకు ఊరుకోవడం అదే మొదలు. నా తీర్పు ఇది: ఎద్దు మామ కొట్టంలోనే ఉంటుంది. కల్లం ఎవరిదైతే ఆ రోజు మేత వాళ్లది. కాడి కట్టగూడదు, బాడుగకు ఇయ్యగూడదు. గుంజ పక్కన నిలవని ఆ కుర్ర ఎద్దు నేరుగానే లాగుతోంది కదా, తాత దాన్ని విత్తనం పడేదాకా మామ గుంటకకు ఇయ్యాలి.

తాత కొలతాడు నడుముకు చుట్టుకుంటూ, "గట్టు దాటకుండా దున్నితే సరి" అన్నాడు. మామ జొన్న విత్తనం అదునులోనే పడింది.

గొడుగు సేటుకు వచ్చి చెప్పాను. "పని ఏం చేస్తుంది?" అన్నాడు. తిరుగుతుందన్నాను. "మేత?" రెండిళ్లదీ తింటుందన్నాను. ఆయన గొడుగు ఊపి, "అచ్ఛా" అన్నాడు. అంతకుమించి పొగడటం ఆయనకు రాదు.

మిగతా పశువుల్ని చూడటానికి నేను ఒకసారి పోతే పోయినట్టు. ఈ ఎద్దును చూడటానికి మాత్రం ఏదో ఒక సాకుతో పోతూనే ఉన్నాను. కాళ్లు చూడాలన్నాను, దోమలున్నాయేమో చూడాలన్నాను. సేటు పోనిచ్చాడు. చలికాలం పోయాక ఒకసారి పోయేసరికి అది కొట్టం ముందు ఎండలో పడుకుని నెమరేస్తోంది. ఒళ్లు చేసింది. అత్త దాని వీపు మీద తట్టి, "లెయ్యప్పా, ఇనస్పెక్టరమ్మ వచ్చింది" అంది. అది తల ఎత్తి నన్ను చూసింది. లేవలేదు. చెవి ఒకసారి ఆడించి, మళ్లీ నెమరేసుకుంది. నేను ఎంతసేపు నిలబడినా అంతే.

అత్త మజ్జిగ ఇస్తే తాగకుండా వచ్చేశాను. ఇన్ని ఊళ్లు తిరిగి ఇల్లు చూసిపెట్టిన మనిషి వస్తే కనీసం లేచి నిలబడొద్దా అని ఆదోని వచ్చేదాకా బస్సులో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. పక్కన కూర్చున్నామె, "ఏమైందమ్మా, పుట్టింటోళ్లు ఏమన్నా అన్నారా?" అని అడిగింది. ఎద్దు లేవలేదని ఎట్లా చెప్పేది? అవునన్నాను. ఆమె ఆదోని వచ్చేదాకా మా వాళ్లను తిట్టింది, నాకు కాస్త ఊరట కలిగింది.

సేటుకు మాత్రం "బాగుంది, ఇంక చూడాల్సిన పని లేదు" అని చెప్పాను. అంతవరకు నేను చూసొచ్చి చెప్పిన వాటిలో మజ్జిగ తాగకుండా చెప్పింది అదొక్కటే. ఇప్పుడు తలచుకుంటే, బస్సులో ముక్కు చీదుకుంటున్న ఆ పిల్ల పక్కన కూర్చుని ఒక మాట చెప్పాలనిపిస్తుంది. పశువు లేవకుండా పడుకుందంటే, ఎవరొచ్చినా తనను అక్కడి నుంచి తోలుకుపోరని దానికి నమ్మకం కుదిరిందన్న మాట. చెప్పినా ఆ పిల్ల వినేది కాదు. ఇంకో బస్సెక్కి, తెల్లారి మళ్లీ చూసి రావడానికి పోయేది.