తట్టి చూసే సర్దార్

మణుగూరు బొగ్గుబాయిలో కూలీల భద్రత చూసే సర్దార్‌గా ఓదెలు ముప్పయ్యేళ్లు పైకప్పును కర్రతో తట్టాడు. గుల్లగా మోగితే కప్పు కూలబోతోందని కూలీలందర్నీ బయటికి తరిమేవాడు. రిటైరైనా అలవాటు పోలేదు. గుమ్మడికాయనైనా, కొత్త గోడనైనా తట్టందే నమ్మడు. నోట్లో చుట్టను మాత్రం తట్టకుండానే నమ్ముతాడు. ఛాతీ నొప్పికి హైదరాబాదులో గుండె స్కాన్ తీశారు. గుండె భేషుగ్గా ఉందనీ, అదే ఫిల్ములో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడిందనీ, క్యాన్సరేమో పరీక్ష చేయాలనీ డాక్టర్ చెప్పాడు.

"గుండె చూడమంటే పక్కింట్లకు తొంగిచూసుడేంది?" అని ఓదెలు మండిపడ్డాడు. ఇంటికొచ్చి వేళ్లతో రొమ్ము తట్టుకుని, తల వంచి విన్నాడు. "గట్టిగనే ఉంది," అని తీర్పు చెప్పాడు.

"మరి గుల్లగ మోగితే ఎటు ఉరుకుతవ్?" అంది భార్య కనకమ్మ.

ఓదెలు రెండోసారి తట్టలేదు.