ఫిరంగి లేని ట్యాంకు

కుడి మణికట్టు విరిగి, కట్టు విప్పినంక నా వేళ్లు సరిగ ముడుచుకోలె. నేను బొగ్గుగనుల కంపెనీ దవాఖానల నర్సును. సూది పట్టలేని నర్సును ఏం చేసుకుంటరు? ఓపీల చీటీలు రాసే కాడ కూసోబెట్టిన్రు. రోజుకో గంట చిన్న చిన్న వస్తువులు పట్టుకొని పని చెయ్యాలె, పూసలు గుచ్చు అని ఫిజియోథెరపీ ఆమె చెప్పింది. పూసలంటే నాకు చిరాకు. ఫోన్ల వెతుకుతుంటే ప్లాస్టిక్ విమానం కిట్ ఒకటి కనపడ్డది. ముక్కలు కోసుకొని మనమే అతికించుకునేది. తెప్పించిన. విమానం వంకరగనే వచ్చింది కని వేళ్లు కదిలినయి. రెండోది కొంచెం నయం. మూడోసారి ట్యాంకు తెచ్చిన. టీ-55 అని పాత రకం, అసలు దాంట్ల ముప్పై అయిదో వంతు.

మా ఆయన ఓపెన్‌కాస్టు గనిల డంపర్ లారీ నడుపుతడు. మనిషి ఎత్తు టైర్లు చూసి చూసి ఇంటికొచ్చేటోనికి బల్ల మీద రూపాయి బిళ్లంత చక్రాలు కనపడితె నవ్వొచ్చేది. “నీకు గీ పిచ్చేందే?” అనేటోడు. అంతకన్న ఎక్కువ ఏమనలె. వేళ్లు మంచిగైనంక నాకు మళ్ల సూదిమందు వార్డుల డ్యూటీ వేసిన్రు. అయినా ఈ కిట్ల పని విడిచిపెట్టబుద్ధి కాలె.

మా క్వార్టర్ వెనక లైన్ల ఒక కాక ఉంటడు. మిలిటరీల చేసి వచ్చి, కంపెనీల సెక్యూరిటీ గార్డుగ చేసి, అదీ అయిపోయి ఇంటికాడ ఉంటున్నడు. ఆదివారం పొద్దుగాల బీపీ చూపించుకునేతందుకు మా ఇంటికి వస్తడు. ఆ ఆదివారం వరండాల బల్ల మీద రంగెయ్యని ట్యాంకు ఉన్నది. చేతికి బీపీ పట్టీ ఉండంగనే కాక లేవబోయిండు.

“టీ-55 గద బిడ్డా ఇది!”

పట్టీ విప్పి, ట్యాంకు ఆయన చేతికిచ్చిన. కింద చూసిండు, పక్కకు చూసిండు, ఫిరంగి గొట్టం వేలుతోటి తాకిండు.

“మంచిగున్నది. కని నేను దీంట్ల ఎన్నడు కూసోలె.”

“ట్యాంకులల్ల చేసిన అంటివి గద కాకా?”

“చేసిన. మా బండికి ఫిరంగి లేదు. గీటువంటివి ఖరాబై ఆగిపోతె పోయి గుంజుకచ్చేది. డంపర్ బురదల దిగబడితె డోజర్ వచ్చి గుంజదా, గట్ల.” ట్యాంకును బల్ల మీద పెట్టిండు. “మిలిటరీ అంటె అందరు ఎన్ని గుండ్లు పేల్చినవ్ అని అడుగుతరు. ఒక్కటి గూడ పేల్చలేదంటె గీయనేం సిపాయి అనుకుంటరు. అందుకే నేను ఎవ్వరికి చెప్ప.”

ఆయన పోయినంక ఫోన్ల వెతికిన. అటువంటి బండి కిట్ దొరకలె గని, టీ-55ను ఆ బండి లెక్క మార్చుకునే కన్వర్షన్ కిట్ ఉన్నది. దాంట్ల ట్యాంకు ఉండది. మార్చేటందుకు కావలసిన ముక్కలే ఉంటయి. బయటి దేశం నుంచి రావాలె. వచ్చేసరికి నెల దాటింది. చిన్న డబ్బా, దాంట్ల బూడిద రంగు ముక్కలు, ఆకులెక్క పల్చటి ఇత్తడి రేకు, రెండు పేజీల బొమ్మల కాయితం. అండ్ల రాసింది నాకు చదువరాని భాష.

ముందుగాల నా ట్యాంకు మీది ఫిరంగి తీసేసిన. అతికిన పై మూతను మెడికల్ షాపుల కొన్న బ్లేడుతోటి అంచుల పొంట మెల్లగ విప్పిన. ఒక మూలకు పగిలింది. కొత్త ముక్కలు అచ్చుల పోసిన రెజిన్‌వి. ఒక్కోదాని అడుగున పోతల మిగిలిన దిమ్మె ఉంటది, సన్న రంపంతోటి కోసి తీసెయ్యాలె. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకొని, తాంబాలంల నీళ్లు పోసి నీళ్లల్లనే రుద్దిన. ఫిరంగి బదులు ఆ బండికుండే క్రేన్ చెయ్యి వంగి వచ్చింది. వేడినీళ్లల్ల ముంచి, చక్కగ చేసి, చల్లనీళ్లల్ల పెడితె నిలిచింది.

కాక ఆదివారం ఆదివారం వచ్చి చూస్తుండె. “గీ దుంగ వెనక ఉండాలె. బండి బురదల కూరుకపోతె పట్టాల కింద పెట్టేది” అని చెప్పేటోడు. గుంజే తాడుకు నేను కుట్టుదారం పెట్టిన. అది చూసి తల అడ్డంగ ఊపిండు, అసలుది ఇనుప తాడట. పాత కరెంటు వైరు చీరి, సన్నటి రాగి తీగలు తీసి మెలిపెట్టిన. అది చేతిల పట్టుకొని శానసేపు చూసిండు.

“ఇది తెగితె ఎట్లుంటదో ఎరుకేనా?” అన్నడు. “నేను తాడు గుంజే మిషన్ కాడ ఉన్న. కొత్తగ వచ్చిన పిలగాడు తాడు పక్కకు వచ్చి నిలబడ్డడు. జరుగు, జరుగు అని చెయ్యి ఊపిన. రమ్మంటున్నననుకొని ఇంకింత దగ్గరికి వచ్చిండు. తాడు తెగింది. మోకాలు కాడికి కాలు పోయింది.”

గేటు కాడ కాక భార్య చిన్నమ్మ నిలబడి ఉన్నది, కాకను అన్నానికి పిలువ వచ్చింది. ఆమె రాంగ మేం చూడలె.

“నాకిది ఎన్నడు చెప్పకపోతివి” అన్నది.

“నువ్వు ఎన్నడు అడగకపోతివి” అన్నడు కాక.

“తెలిస్తె గద అడుగుడు!”

చిన్నమ్మ లోపలికి వచ్చి కుర్చీల కూసున్నది. ఆ పిలగాడు ఏమైండని అడిగింది. ఊరికి పంపిన్రు, కొన్నేండ్లు ఉత్తరాలు వచ్చినయి, తర్వాత రాలె అని చెప్పిండు. వాళ్లింట్ల అన్నం చల్లారిపోయే ఉంటది. నేను తీగను క్రేన్ కిందికెల్లి చుట్టి గమ్ పెట్టుకుంట కూసున్న.

రంగు స్నానాల గదిల తలుపు వేసుకొని వేసిన. వరండాల వేస్తె ఆరక ముందే బొగ్గు దుమ్ము పడుతది. ఆకుపచ్చ రంగు ఆరినంక, ఇంటర్నెట్ల బొమ్మలు చూసి చక్రాలకు, పట్టాలకు బురద పెట్టిన. నాకైతె మంచిగనే అనిపించింది. కాక మొఖం మాడ్చిండు.

“గింత మురికుంటె మా సుబేదార్ సాబ్ ఊకుంటుండెనా? పని అయినంక కడుగకుంట తిండి లేదు మాకు.”

సగం బురద తీసేసిన.

పెద్దపల్లిల పాత సిపాయిలు అప్పుడప్పుడు కలుస్తరట. కాక ఆ బండిని స్వీట్ల డబ్బాల దూది నడుమ పెట్టుకొని బస్సెక్కిండు. సాయంత్రం వచ్చేసరికి క్రేన్ కొక్కెం ఊడిపోయి డబ్బా అడుగున ఉన్నది. కాక కండ్లు మెరుస్తున్నయి. జేబుల నుంచి కాయితం తీసి నా ముంగట పెట్టిండు.

“ముగ్గురు కలిసి నాలుగు తప్పులు పట్టిన్రు బిడ్డా.”

“బండి ఎవలిదని అడిగిన్రా?”

“నాది అన్న.”

కొక్కెం అతికించిన. మొదటి రెండు తప్పులు నిజమే, సరిచేసిన. మూడోది, బండి పక్కకుండే సామాన్ల పెట్టె మూత తెరిచే దిక్కు. మార్చాలంటె అంతా పగులగొట్టాలె, నా వల్ల కాదని చెప్పిన. నాలుగోది బండి ముందటి లైటు ఎడమకా కుడికా అనేది. దాని మీద ఆ ముగ్గురే ఒక్క మాటకు రాలె. వచ్చే నెల మళ్ల కలిసినప్పుడు తేల్చుకుంటరట, అందాక లైటు ఊడదీసి పక్కకు పెట్టుమన్నడు, అతికియ్యద్దన్నడు కాక.