గద్దె దిగిన ఇద్దరు

రాజమండ్రి మిషన్ బడిలో పాఠాలు చెప్పే లాజరు మాస్టారికి పాత నాణేలంటే ప్రాణం. అందులోనూ ఆయన వెతికేది ఒక్క రకమే. పూర్వం రోము రాజ్యంలో డయోక్లీషియన్, మాక్సిమియన్ అనే ఇద్దరు చక్రవర్తులు ఒకే రోజున గద్దె దిగారు. వారి విశ్రాంతి గుర్తుగా కొట్టిన రాగి నాణేలవి. డయోక్లీషియన్ నాణెం ఒక పాదిరిగారు స్వదేశం వెళ్లిపోతూ మాస్టారికి ఇచ్చారు. రెండోది ఎక్కడా దొరకలేదు.

ఒక శనివారం ఆయన గున్నేశ్వరరావు గారి ఇత్తడి కొట్టుకు వెళ్లారు. పెరట్లో కొలిమి భగభగ మండుతోంది. కోరంగి రేవు నుంచి వచ్చిన పాత రాగిని పనివాడు మూసలో పొయ్యబోతున్నాడు. తట్టలో ఒక గుండ్రటి బిళ్ల మీద గడ్డం మొహం కనబడింది.

"ఆగవయ్యా! పొయ్యకు!" అంటూ మాస్టారు చెప్పులతోనే లోపలికి పరుగెత్తారు.

"ఏంటండీ మాస్టారూ, పామేమైనా ఉందా?" అన్నారు గున్నేశ్వరరావు గారు కంగారుగా. సంగతి విని, "చింతపండేసి తోమిస్తానుండండి" అన్నారు.

"వద్దండీ బాబూ, అక్షరాలు పోతాయి!"

మాస్టారు పంచె కొంగుతో మెల్లగా తుడిచారు. చక్రవర్తి చేతిలో కొమ్మ. బిళ్ల వెనక వైపు ఇద్దరు స్త్రీమూర్తులు. చుట్టూ ఉన్న అక్షరాలు ఆయన కూడబలుక్కుని చదివారు. "మాక్సిమియనేనండీ! వీడేనండీ!"

"గద్దె దిగాడా, తోసేశారా?"

"పెద్దాయన డయోక్లీషియన్ తనంతట తనే దిగి కూరగాయలు పండించుకున్నాడండీ. ఈయన ఆయన మాట కాదనలేక దిగాడు. దిగినా ఉండలేక మళ్లీ ఎక్కేశాడు."

తక్కెడ దగ్గరున్న గున్నేశ్వరరావు గారి కొడుకు పగలబడి నవ్వాడు. "అచ్చం మా నాన్నగారేనండీ! కొట్టు నాకప్పగించి కాశీకని బయల్దేరి, సామర్లకోట నుంచే తిరిగొచ్చేశారు."

గున్నేశ్వరరావు గారు నాణెం లాక్కుని గుప్పిట బిగించారు. "అయితే వీడు నావాడండీ. ఇవ్వను."

మాస్టారు ఇంటికి పరుగెత్తారు. రొప్పుతూ తిరిగొచ్చి, తన నాణేన్ని గల్లాపెట్టె మీద పెట్టారు. గున్నేశ్వరరావు గారు గుప్పిట విప్పి రెండోదాన్ని దాని పక్కన పెట్టి, చాలాసేపు చూశారు. అవే వస్త్రాలు, అదే కొమ్మ.

"అన్నదమ్ముల్లా ఉన్నారండీ. విడదీస్తే పాపం. పట్టుకెళ్లండి" అన్నారు.

మాస్టారు ఆయన చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ పెరట్లో ఏ తట్ట కొలిమికెక్కాలన్నా, ముందు ఆ ఇద్దరూ పక్కపక్కన గొంతుక్కూర్చుని వెతకవలసిందే.